నాపరాతి నేలకు పైపూత యేల?

నాపరాతి బండలు పరచిన వంటయింటిని గూర్చి మన పల్లెలలోను పట్టణములలోను ఒక అభిప్రాయము వేళ్ళూనినది. నాపరాయి నూనెను, నీటిని, పసుపును తనలోనికి పీల్చుకొని మరకలు పడుననియు, మెఱుగు పూత యొకటి పైన దట్టముగా పట్టించి రెండు మూడేండ్ల కొకమాఱు దానిని మరల పూయించుచుండిననే గాని వంటయింట నిలువజాలదనియు, అంత శ్రమకును వ్యయమునకును ఓర్వలేనివారు బండలు పెకలించి టైల్సు పరపించుకొనుట మేలనియు ఆ అభిప్రాయపు సారము. బండలమ్ము వర్తకుడు ఈ మాట చెప్పును; పూతడబ్బాలమ్మువాడు చెప్పును; ఇల్లు కట్టించి యిచ్చు గుత్తేదారు చెప్పును; తుదకు ఆయుర్దాయములో సగము నాపరాతి నేలమీదనే వండి వార్చిన ఇల్లాలు సైతము, కోడలు క్రొత్త యిల్లు కట్టించుకొనునపుడు, "రాయి మనకెందుకమ్మా, దానితో పడలేవు, టైల్సు వేయించుకో" అని చెప్పుచున్నది. ఇందఱు ఏకకంఠముగా పలుకు మాటను కాదనుటకు తగిన ఆధారము చూపవలసియుండును. ఆ భారము నాదని యెఱిగియే యీ వ్యాసమునకు పూనుకొనుచున్నాను.

నేను చెప్పదలచిన దొక్కటియే. వంటయింటి నాపరాతి నేలను పాడుచేయుచున్నవి రెండు: మొదటిది యాసిడు, రెండవది ఆ యాసిడు చేసిన గాయమును కప్పిపుచ్చుటకై మీద వేయు మెఱుగు పూత. ఈ రెంటిచే చెడిన నేలను చూపి, చెడినది రాయియేనని నిర్ణయించి, ఆ నిర్ణయమును ఆధారము చేసికొని మరల పూతనే విధించుచున్నారు. వ్యాధిని కలిగించిన వస్తువునే ఔషధముగా వాడుచున్నంతకాలము రోగి స్వభావమును తెలిసికొనుట అసాధ్యము.

ముందు రాయి యెట్టిదో చూతము. మనము నాపరాయి యని పిలుచునది ఒక్క గని సొత్తు కాదు. బేతంచెర్ల బండలు, తాడిపత్రిలో కోసి నునుపుచేయు నల్లని కడప బండలు, మాచర్ల బండలు, తాండూరు నుండి వచ్చు నీలపు బండలు, పసుపు బండలు, కర్ణాటకమున కలబురగి జిల్లాలోని షాబాదు బండలు, ఇవన్నియు సున్నపురాళ్ళే. కోట్ల కొలది సంవత్సరముల క్రిందట సముద్రగర్భమున అతిసూక్ష్మమైన సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకొని, పైబరువుచేత బిగిసి రాయియై, నేడు కృష్ణా, పెన్నా, భీమా నదుల పరిసరములలో పఱపులు పఱపులుగా బయల్పడియున్నది. 1872లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి విపులమైన గ్రంథము వ్రాసెను. కడప సీమలోని నార్జి గ్రామము పేరు నార్జి సున్నపురాయి యను రూపమున నేటికిని శాస్త్రగ్రంథములలో నిలిచియున్నది. పొర వెంట ఉలి పెట్టి కొట్టినచో చదునైన బండగా విచ్చుకొను గుణము దీనికి సహజముగా నుండుటచేతనే, రంపపు యంత్రములు లేని దినములలో కూడ సామాన్య గృహస్థునకు రాతినేల అందుబాటులోనికి వచ్చినది. కేశమువంటి రేఖను సైతము నిలుపుకొనగల సూక్ష్మనిర్మాణము ఈ జాతి రాతికి గలదనుటకు, పల్నాటి సున్నపురాతిమీద చెక్కిన అమరావతీ స్తూప శిల్పములే నిదర్శనము. వంటయింటి బండకును స్తూప ఫలకమునకును పని వేఱని నేనెఱుగుదును. కణముల కూర్పు ఎంత బిగువైనదో చూపుటకు మాత్రమే ఆ ప్రస్తావన తెచ్చితిని.

ఆ బిగువే ప్రకృత వివాదమున ముఖ్యమైన విషయము. సున్నపురాళ్ళన్నియు ఒక్క తీరున నీరు పీల్చవు. కట్టడపు సున్నపురాళ్ళకు అమెరికావా రేర్పఱచుకొన్న ఏ.ఎస్.టి.ఎం. సి 568 అను ప్రమాణము వానిని సాంద్రతను బట్టి మూడు తరగతులుగా విభజించినది. తేలిక తరగతి రాయి తన బరువులో 12 శాతము వరకు, మధ్యమ తరగతి 7.5 శాతము వరకు నీరు పీల్చవచ్చును. ఘనమీటరుకు 2560 కిలోగ్రాములకు మించిన సాంద్రత గల మూడవ తరగతి రాయి 3 శాతమునకు మించి పీల్చరాదు. ఇంగ్లండులోని బాత్ రాయి, ఫ్రాన్సులోని కాన్ రాయి సచ్ఛిద్రములు, మెత్తనివి. అట్టివానిని పరచిన వంటయిండ్లకు, ద్రవములు లోనికి దిగకుండ ఆపు సీలరు లేనిదే గడవదని ఆ దేశపు పనివారు చెప్పినచో అది వారి రాతికి తగిన మాట. మన తాండూరు, బేతంచెర్ల బండలు దట్టమైన తరగతికి చెందినవి. ఒక దేశపు మెత్తని రాతికి చెప్పిన జాగ్రత్తను డబ్బామీది ముద్రతో సహా దిగుమతి చేసికొని, మఱొక దేశపు గట్టిరాతికి అన్వయించుట శాస్త్రము కాదు.

ఈ విషయమున నా మాటను గాని వర్తకుని మాటను గాని నమ్మవలసిన పని లేదు. పొడిగా నున్న బండమీద, పొయ్యి గట్టుకు సమీపమున, చెంచాడు నీరు పోసి పది పదునైదు నిమిషములు విడిచి తుడిచి చూడవలెను. క్రింది రాయి నల్లబడక యథాప్రకారము నున్నచో ఆ బండకు ఏ రక్షణయు అవసరము లేదు. కొంచెము నల్లబడి, కాసేపటికి ఆఱి పూర్వవర్ణమునకు వచ్చినచో, లోనికింకెడి సీలరు ఒకమాఱు వేయించుట యుక్తము కావచ్చును. ఒక యింటిలోనే ఒక బండ పీల్చి వేఱొక బండ పీల్చకపోవుట కలదు; గనిలో పైపొర రాయి వేఱు, అడుగుపొర రాయి వేఱు. నాలుగైదు చోట్ల పరీక్షింపక నేలయంతటిని గూర్చి తీర్పు చెప్పరాదు.

ఐనను, "మా యింటి నాపరాతిమీద మచ్చలున్నవి గదా, రాయి పీల్చనిచో అవి యెట్లు వచ్చినవి?" అని అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము మచ్చలను వంగి దగ్గఱగా చూచిననే దొరకును. వానిలో కొన్ని చుట్టుప్రక్కల రాతికంటె నల్లగా నుండును. అవి లోనికి దిగిన నూనెవి. కొన్ని చుట్టుప్రక్కల రాతికంటె తెల్లగా, కాంతిహీనముగా, వ్రేలితో తడిమినచో గరుకుగా నుండును. వానిలో ఏ పదార్థమును చేరలేదు. అచ్చట రాయియే కొంత కరగి పోయినది. సున్నపురాయి కాల్షియము కార్బొనేటు. ఆమ్లము తగిలినంతనే అది అంగారవాయువును విడుచుచు కరగును. నిమ్మపండులో సిట్రికామ్లము, చింతపండులో టార్టారికామ్లము, పులిసిన మజ్జిగలో లాక్టికామ్లము కలవు. ఇత్తడి చెంబులను చింతపండుతో తోమి, సరిగా కడుగకయే నేలమీద బోర్లించిన యిండ్లలో, చెంబు అంచు ఎంతయో అంత వలయము బండమీద తెల్లగా నిలిచిపోవుట పెద్దలందఱికిని తెలిసినదే. పులిహోరకు పిసికిన చింతపండు రసము ఒలికి, తెల్లవారువఱకు ఆఱిన చోట నీ గుఱుతే కనబడును. నా పరిశీలనలో నాపరాతి వంటయిండ్లలో జనులు మరకలని వగచువానిలో అధికభాగము ఈ రెండవ జాతికి చెందినవే.

ఇక్కడనే ప్రబలాభిప్రాయపు మొదటి స్తంభము కూలుచున్నది. సీలరు పని రాతి రంధ్రములలోనికి ద్రవములు దిగకుండ ఆపుట. ఆమ్లము చేయు హానికి రంధ్రముతో పని లేదు. అది రాతి ఉపరితలముననే జరుగును. ఎంత విలువైన ఇంకుడు సీలరును పట్టించినను, నిమ్మరసపు చుక్క పడినచోట బండ తెల్లబడియే తీరును. సీలరు వేయించిన నెలలోనే తెల్లమచ్చలు చూచి, "ఇంత ఖర్చు పెట్టినను ఆగలేదు, రాయియే మంచిది కాదు" అని నిట్టూర్చు గృహిణిని తప్పుదారి పట్టించినవారు, ఆ సీలరు దేనిని ఆపునో దేనిని ఆపజాలదో చెప్పకుండ అమ్మినవారే.

ఆ పిదప వచ్చునది యాసిడు. క్రొత్తగా పరచిన నేలమీద సిమెంటు పాలు ఆఱి తెల్లగా పట్టియుండును. దానిని వదలించుటకు కొందఱు మేస్త్రీలు స్నానపుగదులు కడుగు యాసిడును నీళ్ళలో కలిపి నేలమీద కుమ్మరింతురు. నురుగులు పొంగును, తెలుపు పోవును, గృహస్థు సంతసించును. పొంగిన ఆ నురుగు సిమెంటుతో పాటు తన బండ కూడ కరగుటచే వచ్చినదని అతనికి చెప్పువారు లేరు. మెఱుగుపెట్టిన ఉపరితలము నశించి గరుకు తేలినప్పటినుండి, ఆ నేల నిజముగానే మురికిని పట్టుకొనుట కారంభించును. బండల సందులలోని సిమెంటు గుల్లబాఱి నీటికి త్రోవయిచ్చును. పసుపుబండలలోని ఇనుపధాతువు కదలి తుప్పు రంగు పైకి తేలును. పండుగకు ముందు ఏటేట యాసిడు పెట్టి కడుగు యిండ్లలో నేల యేటేట అధికముగా మాయుచుండుటకు కారణమిదియే. గొట్టపుబావి నీటి గట్టిదనము వలన తొట్టి క్రిందను కుళాయి క్రిందను పట్టు తెల్లని గారను యాసిడుతో వదలించుట మఱింత ప్రమాదకరము. ఆ గార ప్రధానముగా కాల్షియము కార్బొనేటే. బండయు కాల్షియము కార్బొనేటే. ఒకదానిని తిని రెండవదానిని విడుచు వివేకము ఆమ్లమునకు లేదు. తడిపి, పదునులేని రేకుతో మెల్లగా గీకి, మిగిలినదానిని మెఱుగురాతితో తీయించుటయే దానికి దారి.

ఇట్లు గాయపడిన నేలకు అప్పుడు మెఱుగు పూత విధింపబడును. యాక్రిలికు గాని, పాలియురిథేను గాని, ఎపాక్సీ గాని, ఏ జాతిదైనను అది రాతిమీద నిలుచు ఒక పొర. పూసిన దినమున నేల అద్దమువలె మెఱయుననుటలో సందేహము లేదు. పులుపు చుక్క పడినను ఆ పొర చెడునేగాని రాయి చెడదనుటయు, పొర చెక్కుచెదరకున్నంత కాలము, సత్యమే. ఈ సత్యమును దాచి వాదించుట నాకిష్టము లేదు. కాని వంటయింటిలో ఆ పొర యెంతకాలము చెక్కుచెదరకుండును? కాల్సైటు కాఠిన్యము మోసు కొలమానమున 3; వీథినుండి కాళ్ళకంటుకొని వచ్చు ఇసుకలోని స్ఫటికపు కాఠిన్యము 7. రాతికంటె ఆ పూత యింకను మెత్తన. గుమ్మమునుండి పొయ్యివఱకు, పొయ్యినుండి తొట్టివఱకు, దినమునకు పలుమాఱు నడచు దారిలో మొదట సన్నని గీతలు, పిదప మసక, ఆ పిదప పొర యరిగిన బాట కనబడును. ప్రక్కన మెఱపు, నడుమ మాపు. ఆ రెంటి పొందిక లేమివలన నేల యంతయు మాసినట్లు తోచును. పూత లేని బండమీద అదే నడక వలన అరుగుదల యంతటను సమముగా వ్యాపించి, పాదముల రాపిడిచే నునుపెక్కుటను పాత యిండ్ల నడిమి వాకిళ్ళలో నేటికిని చూడవచ్చును.

ఇంతకంటె గహనమైన కీడు క్రిందినుండి వచ్చును. మన యిండ్లలో నేల అడుగున చెమ్మ నడ్డగించు పొర వేయుట నేటికిని అరుదు. భూమిలోని తేమ, బండల క్రింది సిమెంటు మడ్డిలోని తేమ, వానకాలమున గోడల పునాదిగుండ నెక్కు తేమ, ఇవి రాతి సూక్ష్మరంధ్రముల ద్వారమునను సందుల ద్వారమునను ఆవిరియై పైకి పోవలసియున్నవి. మెఱుగు పొర ఆ ద్వారములను మూసివేయును. మూసిన తేమ పొర క్రింద చేరి పాలవంటి తెలుపును పుట్టించును. పొరను ఉబ్బించి పెచ్చులు లేపును. నీటితో వచ్చిన లవణములు పైకి పోలేక రాతి పొర సందుననే గట్టిపడి, పెరుగుచు, రాతి పైపొరను రేకులు రేకులుగా విడదీయును. పొరలు పొరలుగా ఏర్పడిన నాపరాతికి ఈ విపత్తు విశేషించి తగులును. శ్రావణ భాద్రపదములలో క్రింది యంతస్తు వంటయింట మెఱుగు పూత తెల్లబాఱినదని వచ్చి చెప్పినవారికి పనివా రిచ్చు సలహా మఱొక పూత! మొదటిది మూసిన దారిని రెండవది మఱింత బిగించుటయే దాని ఫలము.

జాఱుడు సంగతి వేఱుగా చెప్పవలెను, ఏలయన ఇది వస్తువునకు కాక మనుష్యులకు సంబంధించినది. నూనె తుంపురులును నీటి తడియు కలియు చోటు వంటయిల్లు. ఉలిపొర విచ్చిన బండకు గాని, సాధారణముగా నునుపుచేసిన బండకు గాని పాదమును పట్టు కొలదిపాటి గరుకు సహజముగా నుండును. ఆ గరుకును ప్లాస్టికు వంటి పొరతో కప్పి, వేడి గంజి గిన్నెను రెండు చేతులతో పట్టుకొని నడచు వృద్ధురాలి పాదముల క్రింద పరచుట యెంతటి సాహసమో ఆలోచింపవలసినదిగా నా ప్రార్థన. నేల మెఱపు చూడవచ్చినవారికి. నేలమీద నడక అనుదినము ఆ యింటివారికి.

ఇంతమాత్రమున సీలరులన్నియు నిషిద్ధములని నేను చెప్పుటలేదు. రాతిమీద పొరకట్టక లోనికింకి, రంధ్రపు గోడలను మాత్రమే అంటుకొని, ఆవిరికి దారి విడిచి, ద్రవములను తిరస్కరించు జాతి యొకటి కలదు. సిలేను, సైలాక్సేను మొదలగునవి నీటిని తిరస్కరించును. ఫ్లోరిను కూడిన పాలిమరులు నీటితో పాటు నూనెను కూడ తిరస్కరించును. వీనిలోను ఒక తారతమ్యము గలదు: సిలేను జాతి రసాయనములు సిలికా గల గ్రానైటును ఇసుకరాతిని పట్టుకొన్నంత గట్టిగా శుద్ధ సున్నపురాతిని పట్టుకొనవు. కావున వంటయింటి నాపరాతికి, నీటి పరీక్షలో అది పీల్చునని తేలినప్పుడు మాత్రమే, నూనెను ఆపు జాతిని, అది సున్నపురాతికి పనికివచ్చునని తయారుచేసినవారు స్పష్టముగా వ్రాసియున్నచో, వాడవలెను. నేల పూర్తిగా ఆఱియుండవలెను. పలుచగా తడిపి, డబ్బామీద చెప్పిన నిమిషములు కాగానే మిగులును పొడిబట్టతో పూర్తిగా తుడిచివేయవలెను. తుడువక విడిచిన మిగులు పైన జిగటగా ఆఱి, మనము వలదనుకొన్న ఆ పొరగానే మాఱును. సరిగా చేసిన పనికి చూపునకు తెలియు గుఱుతేదియు నుండదు. మెఱపు రాలేదని మేస్త్రిని నిందించు గృహస్థులుండుటచేతనే, పాపము, అతడు మెఱయు పూతవైపు మొగ్గుచున్నాడు. నల్లని కడప బండలకు నిగారింపు రావలెనని కొబ్బరినూనె గాని కిరసనాయిలు గాని రుద్దు అలవాటును ఈ సందర్భముననే ఖండింపవలసియున్నది. ఆ నలుపు నాలుగు దినముల ముచ్చట. నూనె జిడ్డుకు దుమ్ము చేరి గట్టికట్టిన పిదప దానిని వదలించుటకు మరల యాసిడునే తెత్తురు.

నిజమైన మరకలకు మందు కలదా యని అడుగవచ్చును. కలదు, కాని అది తొందరపడువారిది కాదు. ఆవకాయ కలుపునపుడు ఒలికిన నూనెను వెంటనే పొడిబట్టతో అద్ది తీసినచో దట్టమైన బండలో అది దిగదు. రాత్రంతయు విడిచినందున దిగినచో, ముల్తానీ మట్టిని గాని మెత్తని సుద్దపొడిని గాని అసిటోనుతో ముద్దచేసి, పొయ్యిలన్నియు ఆర్పి కిటికీలు తెఱచి, మచ్చమీద దళముగా పెట్టి, ప్లాస్టికు కాగితము కప్పి ఒక దినముంచి, పిదప కాగితము తీసి ఆఱనీయవలెను. ఆఱుచు ఆఱుచు ఆ మట్టి నూనెను పైకి లాగుకొనును. పాత మచ్చకు ఇట్లు రెండు మూడు మాఱులు చేయవలసివచ్చును. పసుపు మరకను సోడాతోను గాఢమైన సబ్బుతోను రుద్దినచో క్షారము తగిలి అది ఎఱ్ఱబడును; పారాణి ఎఱ్ఱనగుట కేది కారణమో దీనికిని అదియే. పసుపులోని రంగు వెలుతురునకు నిలువదు. నీటితో తుడిచి, కిటికీ తెఱచి, ఎండ పడునట్లు చూచినచో కొలది దినములలో వెలిసిపోవును. గ్యాసు సిలిండరు అడుగున పడు తుప్పు వలయము మాత్రము మొండిది; అది పడకుండ చక్రముల పీటమీద సిలిండరు నుంచుటయే ఉత్తమము.

ప్రతిపక్షమువారి వాదములలో నేను మిక్కిలి గౌరవించునది శ్రమను గూర్చినది. ఇంటిపని యంతయు ఆడవారిమీదనే పడు సంసారములలో, బయటి ఉద్యోగము కూడ చేసికొనుచున్న స్త్రీని, రాతినేలకు దాసివి కమ్మని చెప్పు హక్కు ఏ సౌందర్యాభిమానికిని లేదు. రాతినేల నిజముగా ఎక్కువ చాకిరిని కోరునదైనచో, నేనే దానిని విడువుమని వ్రాసియుందును. కాని దానికి కావలసినదేమి? పొడిచీపురుతో ఇసుక తీయుట. తడిపి గట్టిగా పిండిన బట్టతో తుడుచుట. జిడ్డున్న దినమున క్షారమును ఆమ్లమును లేని ద్రవసబ్బును నీటిలో కొలదిగా కలుపుట. పులుపు పడినచో వెంటనే అద్దుట. చింతపండుతో తోముపనిని తొట్టిలోనే ముగించుట. సబ్బు ఎక్కువైనచో మన గట్టినీటితో కలిసి తెట్టు కట్టి నేలను మసకబఱచును గావున, తక్కువ వాడినవారి నేలయే శుభ్రముగా నుండును. బకెట్ల కొలది నీరు కుమ్మరించి పీచుతో రుద్దుట, రసాయనములు మార్చి మార్చి వాడుట, పూత గీతలు పడునని చాపలు పరచుట, పూత యూడినదని పనివారిని పిలుచుట, వారు పని ముగించువఱకు వంట మఱొక చోట చేసికొనుట, ఇవి రాతివలన కలిగిన చాకిరి కాదు. తెల్లమచ్చను మన్నింపలేని మనస్సు కూడ కొంత చాకిరిని తెచ్చిపెట్టును. రోలు పెట్టిన చోట వలయము, పీట వేసిన చోట నునుపు, వండువారి నడక తెలియు బాట నేలమీద నుండుట దోషమని ఎవరు చెప్పిరి?

టైల్సును నేను నిందింపను. పన్నెండు వందల డిగ్రీల వేడిలో కాలిన విట్రిఫైడ్ టైలు 0.5 శాతమునకు మించి నీరు పీల్చదు, పులుపునకు చెక్కుచెదరదు, ఆ గుణములు నాపరాతికి లేవు. మోర్బీ నుండి లారీలలో వచ్చు ఆ సరకు చౌకగా దొరకుటయు నిజమే. ఐనను ఆ టైల్సు నడుమ సందులలోని సిమెంటు పీల్చును, నల్లబడును. సన్నికల్లు జాఱి పడిన చోట మెఱుగు పొర పెచ్చూడినచో ఆ టైలును మార్చుట తప్ప బాగుచేయు మార్గము లేదు, ఐదేండ్ల తరువాత ఆ రంగు దొరకుట దుర్లభము. నాపరాతి బండ పైనుండి అడుగువఱకు ఒక్కటే పదార్థము. అరిగినను, గీతలు పడినను, పులుపు తిన్నను, మేస్త్రి కార్బొరండము రాళ్ళతో గరుకునుండి నున్నకు వరుసగా పట్టి, పైన పలుచని యొక పొరను తీసినచో క్రిందనున్నది క్రొత్త నేలయే. ఒక తరమునకు ఒకమాఱు చేయించినను, అంగుళపు మందము గల బండ ఎన్నో తరములకు వచ్చును. ఇట్టి స్వభావము గల వస్తువుమీద, స్వయముగా బాగుపడుటకు వీలులేని పూత నొకదానిని వేయుట వలన, రాతికి గల ఏకైక మహాగుణము వ్యర్థమగుచున్నది. పూతయున్న నేలను సానపట్టుటకు మొదట ఆ పూతను తీయవలెను. తీయుట వేయుటకంటె కష్టము.

నేల చెడుటకు పునాది పరచునాడే పడుచున్నదని కూడ చెప్పక తప్పదు. ఉప్పు లేని కడిగిన ఇసుక, తొట్టివైపునకో గుమ్మము వైపునకో సరియైన వాటము, బండ అడుగున ఖాళీ లేకుండ నిండిన మడ్డి, తగినన్ని దినములు నీరు పెట్టుట, సందులు నింపగనే చిందిన సిమెంటు పాలను అది గట్టిపడకమునుపే తడిగుడ్డతో తీయుట, ఇవి జరిగిన యింట యాసిడు ప్రసక్తియే రాదు. సిమెంటు బలమును 28 దినములకు కొలుతురు. దానిలోని తేమ ఆఱుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. గృహప్రవేశపు ముహూర్తము తరుముచుండ, పరచిన వారమునకే సాన, సానపట్టిన మఱునాడే పూత పెట్టించి, లోని తేమను లోపలనే బంధించినవారు తరువాత రాతిని నిందించుచున్నారు. సానపని చివర మేస్త్రులు వాడు ఆక్సాలికామ్లమును మాత్రము నేను వేఱుగా నెంతును. అదియు ఆమ్లమే, కాని సున్నపురాతితో కలిసి నీటిలో కరగని కాల్షియము ఆక్సలేటు నేర్పఱచి ఉపరితలమును బిగించునది. దానిని కొలదిగా వాడి, రాయి పట్టుచు, పూర్తిగా కడిగి తీయు పాతకాలపు మేస్త్రి చేతిలో అది మేలే చేయును; మితిమీరినచో అదియు కాల్చును.

ఇప్పటికే పూత వేయించుకొని, అది పెచ్చులూడుచుండగా ఏమి చేయుటయో తోచక నున్న గృహస్థులకు నేను చెప్పగలిగినది: మఱొక పూతకు ఒప్పుకొనవలదు. యాసిడు పూతను వదలింపదు, రాతిని తినును, దానిని దరిచేరనీయవలదు. పూత యే జాతిదో అమ్మినవారి నడిగి తెలిసికొని, దానికి తగిన ద్రావకముతో, సిలిండరు క్రిందనో అలమర మూలనో ఒక్క బండమీద మొదట ప్రయత్నింపవలెను. ద్రావకములలో కొన్ని పీల్చరానివి, కొన్ని మంటనంటుకొనునవి. గాలి యాడు గదిలో, పొయ్యి ఆర్పిన దినమున, తెలిసిన పనివాని చేతనే అది జరుగవలెను. ద్రావకమునకు లొంగనిచో నీటిసానతో తీయింపవలెను. సాన ముగిసిన పిదప ఒక వానకాలము, ఒక వేసవి నేలను అట్లే విడిచి, చెమ్మ ఎచ్చట నెక్కుచున్నదో, ఏ బండ పీల్చుచున్నదో, ఏ బండ పీల్చుటలేదో చూచుకొనవలెను. లవణము పూచిన చోట పొడిబట్టతో తుడిచివేయుచుండవలెను. నీటితో కడిగినచో అది మరల లోనికే పోవును. పీల్చు బండలకు మాత్రము అప్పుడు ఇంకుడు సీలరు తెప్పించి, ముందు ఒక బండకు వేయించి, నెల దినములు దానిమీద వండి, తిరిగి, ఒలికించి, ఫలము చూచిన తరువాత మిగిలినవానికి వేయింపవచ్చును.